ముసవ్విర్ జంగ్ దారి, భరత్ భూషణ్ దారి

కొడంగల్‌లో మొదలయ్యే 163వ నంబరు జాతీయ రహదారి పరిగి, చేవెళ్ల మీదుగా హైదరాబాదు చేరుతుంది. అక్కడి నుంచి భువనగిరి, వరంగల్, ములుగు దాటి ఛత్తీస్‌గఢ్‌లోని భోపాలపట్నం దాకా పోతుంది. తెలంగాణ ఛాయాచిత్రణలో రెండు పెద్ద పేర్లు ఈ దారి మీదే ఉన్నాయి. ఒకరు లాలా దీన్ దయాల్. సికింద్రాబాదులో స్టూడియో పెట్టి, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో చేరి, ‘రాజా బహాదుర్ ముసవ్విర్ జంగ్’ అనే బిరుదు పొందారు. మరొకరు వరంగల్‌కు చెందిన భరత్ భూషణ్. బతుకమ్మనూ, తెలంగాణ పల్లె ఆడవాళ్లనూ జీవితకాలపు విషయంగా ఎంచుకుని పనిచేసి, 2022 జనవరి చివర కన్నుమూశారు.

ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూడాలని నాకు చాలాకాలంగా ఉంది. ఎవరు గొప్ప కళాకారుడో తేల్చడానికైతే ఇంత శ్రమ అక్కర్లేదు. కొడంగల్, తాండూరు, వికారాబాద్ చుట్టుపక్కల ఇవాళ ఎంతోమంది పిల్లలు కిస్తీల మీద కెమెరా కొనుక్కుని, ఏ స్టూడియోలోనూ ఉద్యోగం లేకుండా సొంతంగా బతకాలని చూస్తున్నారు. పని ఎలా దొరుకుతుంది, దొరికిన పని పదేళ్ల పాటు ఎలా నిలుస్తుంది అన్నదే వాళ్ల ముందున్న ప్రశ్న. ఈ ప్రశ్నకు దీన్ దయాల్ జీవితం ఒక జవాబు చెబుతుంది, భరత్ భూషణ్ జీవితం ఇంకో జవాబు చెబుతుంది. రెండూ నిజమే. రెంటిలోనూ లోటు ఉంది.

కొడంగల్‌లో పని ఎక్కడుంది

ముందు నేల సంగతి చూద్దాం. 2016 అక్టోబరు దాకా కొడంగల్ మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. జిల్లాల పునర్విభజనలో కొత్తగా ఏర్పడిన వికారాబాద్ జిల్లాలో చేరింది. కర్ణాటక సరిహద్దు దగ్గరే. తాండూరు బజారులో తెలుగు, ఉర్దూ, కన్నడ మూడూ వినిపిస్తాయి. ఊళ్లో వెంకటేశ్వరస్వామి గుడి ఉంది, చుట్టూ తండాలున్నాయి, తాండూరు వైపు నాపరాయి గనులు, పాలిషింగ్ యూనిట్లు, కరన్‌కోట్‌లో సిమెంటు కర్మాగారం ఉన్నాయి. 2023 డిసెంబరులో ఇక్కడి ఎమ్మెల్యే రేవంత్ రెడ్డి ముఖ్యమంత్రి అయ్యాక ప్రారంభోత్సవాలకూ, సభలకూ, ఫ్లెక్సీలకూ కొదవ లేదు.

ఫోటోగ్రాఫర్‌కు మొదటి ఆధారం మాత్రం లగ్గమే. దాని వెనకే ఓణీల ఫంక్షన్, పంచెల ఫంక్షన్, సీమంతం, బారసాల, పుట్టినరోజు వస్తాయి. ఒకప్పుడు స్టూడియోను ఏడాది పొడుగునా నిలబెట్టినవి పాస్‌పోర్టు సైజు ఫోటోలు, స్కూలు గ్రూపు ఫోటోలు. ఆధార్ కేంద్రంలో అక్కడికక్కడే ఫోటో తీసేస్తున్నారు, మిగతావి ఫోనుతో అయిపోతున్నాయి. ఆ చిల్లర పైసల రాబడి పోయాక ఫోటోగ్రాఫర్ బతుకు ముహూర్తాల మీద పడింది. ఆషాఢంలో పని ఉండదు, పుష్యంలో ఉండదు, మూఢం వస్తే నెలల తరబడి ఉండదు. ముహూర్తాలు మొదలయ్యాయంటే ఒకే రోజు నాలుగు ఊళ్ల నుంచి పిలుపు.

ఆ పనిలోనూ ఒక గొలుసు ఉంటుంది. పెద్ద ఆర్డరు పట్టినవాడు క్యాండిడ్‌కు ఒకరిని, ట్రెడిషనల్‌కు ఒకరిని, వీడియోకు ఇద్దరిని, డ్రోన్‌కు ఒకరిని రోజు రేటు మీద పిలుచుకుంటాడు. ఆల్బం మీద ఆర్డరు పట్టినవాడి స్టూడియో పేరు ఉంటుంది. తెల్లవారుజామున మంగళస్నానాల నుంచి రాత్రి అప్పగింతల దాకా నిలబడి తీసిన కుర్రవాడి పేరు పెళ్లివాళ్లకు తెలియనే తెలియదు. ఆ పెళ్లిలో ఫోటోలు మెచ్చుకున్న చుట్టం తర్వాతి ఆర్డరు ఆ స్టూడియోకే ఇస్తాడు. ఫ్రీలాన్సరు అసలు కష్టం ఇక్కడుంది. చేసిన పని కళ్లముందే ఉన్నా దాని మంచిపేరు మరొకరి ఖాతాలో పడుతుంది. దీన్ దయాల్, భరత్ భూషణ్ ఇద్దరూ ఈ చిక్కును చెరోరకంగా దాటారు.

మొదటి తలుపు ఎవరు తెరిచారు

దీన్ దయాల్ 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో, నగల వ్యాపారం చేసే జైన కుటుంబంలో పుట్టారు. రూర్కీలోని థామసన్ కళాశాలలో ఇంజనీరింగు చదివి, ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో అంచనాలు వేసే ఉద్యోగిగా, నక్షాలు గీసే మనిషిగా చేరారు. కెమెరా పట్టింది 1874లో, ముప్పై ఏళ్ల వయసులో. ఇండోర్ మహారాజు తుకోజీరావు హోల్కర్ ప్రోత్సహించారు. మధ్య భారతంలో బ్రిటిష్ ప్రతినిధిగా ఉన్న సర్ హెన్రీ డేలీ పరిచయాలు చేయించారు. 1875-76లో వేల్స్ యువరాజు పర్యటన చిత్రాలు తీసే అవకాశం వచ్చింది. డేలీ తర్వాత ఆ పదవిలోకి వచ్చిన లెపెల్ గ్రిఫిన్ వెంట తిరిగి కోటలు, గుళ్లు, స్తూపాలు తీశారు. ఆ చిత్రాలతోనే 1886లో గ్రిఫిన్ మధ్య భారత కట్టడాల మీద గ్రంథం వేశారు. దీన్ దయాల్ 1885లో వైస్రాయికి ఫోటోగ్రాఫరయ్యారు, ఆ రోజుల్లోనే నిజాం కొలువు దొరికింది, 1897లో విక్టోరియా రాణి నుంచి రాజముద్ర వచ్చింది.

ఈ వరసలో ఒక సూత్రం కనిపిస్తుంది. ప్రతి పోషకుడూ తర్వాతి పోషకుడి ఇంటి తలుపు దగ్గరికి తీసుకెళ్లాడు. దీన్ దయాల్ తీసిన ఆల్బం ఒక అధికారి బల్ల మీద ఉంటే, ఆ గదికి వచ్చే మరో అధికారి దాన్ని చూసేవాడు. ప్రింట్ల మీద తీసినవాడి పేరు, నెగటివు నంబరు ఉండేవి. పని ఎవరి చేతికి వెళ్లినా పేరు దాని వెంటే వెళ్లింది. పైగా ఆయన ఉద్యోగం వదిలి కెమెరాను నమ్ముకోలేదు. కెమెరా ఇంటిని పోషించగలదని తేలేదాకా ఏళ్ల తరబడి జీతమూ కెమెరా రెండూ నడిపి, ఆ తర్వాతే ఉద్యోగం వదిలారు.

భరత్ భూషణ్‌కు ఏ మహారాజూ తలుపు తీయలేదు. ఆయన చిత్రకారుడు, పత్రికల్లో ఫోటోగ్రాఫరుగా పనిచేశారు. పత్రిక ఉద్యోగమంటే సభ, ప్రమాదం, ధర్నా, నాయకుడి పర్యటన. సంపాదకుడు ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోవాలి, సాయంత్రానికి బొమ్మ ఇవ్వాలి. ఆ పని చేస్తూనే ఎవరూ పొమ్మనని చోటికి పోవడం మొదలుపెట్టారు. బతుకమ్మ నాటి వాకిళ్లు, పల్లె ఇళ్ల గడపలు, గోడలు, ముగ్గులు, పనిలో ఉన్న ఆడవాళ్లు ఆయన విషయాలయ్యాయి. వాటిని అడిగినవాళ్లు లేరు, పైసలిచ్చినవాళ్లు లేరు. ఏళ్లు గడిచి తెలంగాణ తన ముఖం తాను చూసుకోవాలనుకున్నప్పుడు ఆ బొమ్మలు సిద్ధంగా ఉన్నాయి. బతుకమ్మ ఫోటో అంటే ఆయన పేరు గుర్తొచ్చే స్థితి అలా వచ్చింది.

కొడంగల్ కుర్రవాడికి ఈ రెండు ప్రవేశాల్లో ఏది దగ్గర? మొదటిదే దగ్గరనిపిస్తుంది. ఇక్కడ పని నడిచేది పరిచయాల మీదే. పురోహితుడు, ఫంక్షన్ హాలు యజమాని, వంట మేస్త్రీ, డెకరేషన్ చేసేవాడు, మేకప్ ఆర్టిస్టు, ఫ్లెక్సీ దుకాణం - వీళ్లకు పెళ్లి కబురు అందరికంటే ముందు తెలుస్తుంది. దీన్ దయాల్‌కు డేలీ ఎంతో ఇతనికి ఫంక్షన్ హాలు యజమాని అంత. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫాలోయర్ల కోసం రాత్రంతా రీల్స్ పెట్టే పిల్లలు ఈ సంగతి మరిచిపోతున్నారు. దూరపు వాళ్ల లైకులు మంచివే. బయానా ఇచ్చేది మాత్రం పక్క ఊళ్లోని మేనమామ. ఆయన నమ్మేది మరో పెళ్లిలో కళ్లారా చూసిన ఆల్బాన్ని, ఆ పెళ్లివాళ్ల మాటను.

డబ్బు ఎవరిది, చూపు ఎవరిది

ఇద్దరి మధ్య అసలు తేడా చిత్రంలోనే కనబడుతుంది. దీన్ దయాల్‌ది ఇంజనీరు కన్ను. కట్టడం తీస్తే నిలువు గీతలు నిలువుగానే ఉంటాయి. ఎత్తు తెలిసేలా ఒక మనిషిని మెట్ల మీదో, ద్వారం పక్కనో నిలబెడతారు. నిజాం వేట చిత్రాల్లో పులి, తుపాకి, గుడారం, పరివారం అన్నీ హోదా ప్రకారం ఎవరి చోట వాళ్లు ఉంటారు. ఫలక్‌నుమా ప్యాలెస్ లోపలి గదులు తీస్తే దీపాలు, కుర్చీలు, అద్దాలు లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉంటాయి. సైన్యం కవాతు, రాచకుటుంబం, అతిథి రాజులు - ఏది తీసినా క్రమమే ఆయన సౌందర్యం. దర్బారుకు కావాల్సింది ఆ క్రమమే, ఆయన చూపు సహజంగా నిలిచేది కూడా దాని మీదే. పోషకుడి కోరికా, కళాకారుడి కన్నూ ఇంత చక్కగా కలిసిన సందర్భాలు అరుదు.

ఆ కలయిక ఇబ్బంది పెట్టే చోటు కూడా ఉంది. 1895-1902 మధ్య నిజాం ప్రభుత్వం చేపట్టిన కరువు సహాయ పనులను దీన్ దయాల్ సంస్థ చిత్రించింది. కరువులో కూలికి వచ్చినవాళ్లు, చెరువు కట్టలు, రాళ్లు మోసే ఆడవాళ్లు ఆ చిత్రాల్లో ఉన్నారు. చరిత్రకు అవి అమూల్యమైన సాక్ష్యం. కానీ వాటిని చేయించుకున్నది సర్కారు, చూపించదలచింది సర్కారు మంచితనం. అందుకే ఆ కూలీలు కూడా దర్బారు పరివారంలాగే బారులు తీరి నిలబడి కనిపిస్తారు. ఆకలి ఉంది, ఆకలిగొన్న మనిషి పేరు లేదు. దీన్ దయాల్‌కు కరుణ లేదని నేను అనడం లేదు. డబ్బిచ్చినవాడి చోటు నుంచి చూసినప్పుడు ఆ దూరం తప్పదని అంటున్నాను.

భరత్ భూషణ్ చిత్రాల్లో ఆ దూరం తగ్గిపోతుంది. కెమెరా మనిషి కంటి ఎత్తున ఉంటుంది. బతుకమ్మ చుట్టూ తిరిగే ఆడవాళ్లు కెమెరా కోసం నిలబడరు, వాళ్ల పాటలో వాళ్లుంటారు. గడప తీస్తే పసుపు, కుంకుమ, అరిగిన చెక్క, పక్కన కూర్చున్న ముసలమ్మ కలిసి ఒక ఇంటి చరిత్ర చెబుతాయి. చిత్రకారుడు కాబట్టి రంగుల పొందిక మీద ఆయనకు పట్టు ఎక్కువ. ఆ పట్టు ఒక్కోసారి బొమ్మను మరీ అందంగా చేస్తుందన్న విమర్శ చేయవచ్చు. పేదరికం గోడ మీది రంగులా కంటికి హాయిగా మారే ప్రమాదం ఈ తరహా చిత్రణలో ఎప్పుడూ ఉంటుంది. అయినా ఆ ఆడవాళ్లు ఎవరి గొప్పతనానికీ నేపథ్యంగా నిలబడలేదు. చిత్రానికి కేంద్రం వాళ్లే.

కొడంగల్‌లో ఈ చర్చ పుస్తకాలకు సంబంధించింది కాదు. ముఖ్యమంత్రి నియోజకవర్గం కాబట్టి సర్కారు కార్యక్రమాలకూ, నాయకుల పర్యటనలకూ ఫోటోలు, వీడియోలు తీసేవాళ్లు కావాలి. ఆ పని తీసుకోవడంలో తప్పు లేదు. పైసలు వస్తాయి, పదిమంది పెద్దల పరిచయం అవుతుంది. అయితే ఆ బొమ్మలో ఎవరు మధ్యలో ఉండాలో, ఎవరు పక్కకు జరగాలో పని ఇచ్చినవాడే చెబుతాడు. అదొక్కటే చేసే ఫోటోగ్రాఫర్ ఐదేళ్లకు ఫలానా నాయకుడి మనిషిగా మిగులుతాడు. రాజకీయం మారితే పనీ మారుతుంది. కొలువు ఎంత పెద్దదైనా ఒక్క కొలువు మీద ఆధారపడకూడదని దీన్ దయాల్‌కు తెలుసు. సికింద్రాబాదు స్టూడియోతో ఆగకుండా 1896లో బొంబాయిలోనూ స్టూడియో తెరిచారు. ఆ రెండు నగరాలను కలిపే రైలు దారి వాడి జంక్షన్ మీదుగా 1874 నుంచే ఉంది. అంటే ఆయన నెగటివులకూ, మనుషులకూ, గిరాకీలకూ దారి తాండూరు, వికారాబాద్ స్టేషన్ల మీదుగానే ఉండేది.

జనానా స్టూడియో నేర్పే పాఠం

దీన్ దయాల్ వ్యాపారంలో నాకు అన్నిటికంటే నచ్చిన పని 1892లో హైదరాబాదులో తెరిచిన జనానా స్టూడియో. పరదా పాటించే కుటుంబాల ఆడవాళ్లు మగ ఫోటోగ్రాఫర్ ముందుకు రారు. వాళ్లకూ తమ ఫోటో ఉండాలని ఉంటుంది. ఆ అవసరాన్ని ఆయన గుర్తించి, ప్రత్యేకంగా ఒక స్టూడియో ఏర్పాటు చేసి, దాన్ని కెన్నీ-లెవిక్ అనే ఆంగ్ల మహిళ చేతిలో పెట్టారు. పోటీ ఉన్నచోట ధర తగ్గించుకోవడం కన్నా ఎవరూ చేయని పని వెతుక్కోవడం మేలని ఈ ఒక్క నిర్ణయం చెబుతుంది. ఆ పనికి ఆడమనిషి కావాలని ఒప్పుకోవడంలో వ్యాపార తెలివితో పాటు మర్యాద కూడా ఉంది.

భరత్ భూషణ్ ఆడవాళ్లను తీసింది వాకిట్లో, చెరువుగట్టున, నలుగురిలో. వాళ్ల నమ్మకాన్ని ఆయన ఏళ్ల తరబడి అదే ఊళ్లకు మళ్లీ మళ్లీ వెళ్లి సంపాదించుకున్నారు. ఒకరు ఏర్పాటుతో, ఒకరు ఓపికతో ఆ నమ్మకాన్ని అందుకున్నారు.

ఇవాళ కొడంగల్, తాండూరు ముస్లిం ఇళ్లలో పెళ్లి జరిగితే ఆడవాళ్ల వైపు ఫోటోలు తీయడానికి అమ్మాయి కావాలని అడుగుతారు. హిందూ ఇళ్లలో కూడా మంగళస్నానాలకూ, పెళ్లికూతురి అలంకరణకూ ఆడ ఫోటోగ్రాఫర్ ఉంటే ఆ గదిలో అందరూ హాయిగా ఊపిరి తీసుకుంటారు. ఆ పనికి హైదరాబాదు నుంచి మనిషిని రప్పించుకోవాల్సి వస్తోందంటే, ఇక్కడి అమ్మాయిలకు ఆ అవకాశం ఖాళీగా ఉన్నట్టే. హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో ఫోటోగ్రఫీలో డిగ్రీ కోర్సు ఉంది. అంతదూరం పోలేనివాళ్లు ఊళ్లోనే ఒక సీనియరు దగ్గర రెండు సీజన్లు పనిచేసి నేర్చుకోవచ్చు. రాత్రి పొద్దుపోయాక ఇంటికి చేర్చే ఏర్పాటు, ఇద్దరిద్దరు కలిసి వెళ్లే పద్ధతి ఉంటే తల్లిదండ్రులు పంపుతారు. 1892లో చేయగలిగింది ఇప్పుడు చేయలేమనడానికి కారణం కనబడదు.

ఇలాంటి ఖాళీలు ఇంకా ఉన్నాయి. నాపరాయి అమ్మే యూనిట్లకు రంగు తేడా రాకుండా రాయిని చూపించే ఫోటోలు కావాలి. నీలి, పసుపు ఛాయలు సరిగా రాకపోతే దూరపు కొనుగోలుదారు తిప్పి పంపుతాడు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పప్పు పొట్లాల మీదికీ, ప్రచారానికీ చేను నుంచి మిల్లు దాకా మంచి చిత్రాలు కావాలి. అనంతగిరి కొండల చుట్టూ వెలిసిన రిసార్టులకు గదుల ఫోటోలు కావాలి. ప్రీ వెడ్డింగ్ షూట్ కోసం హైదరాబాదు నుంచి వచ్చే జంటలకు ఏ పూట ఏ గుట్ట మీద వెలుతురు బాగుంటుందో తెలిసిన స్థానికుడు కావాలి. వీటిలో చాలావాటికి ముహూర్తంతో సంబంధం లేదు. ఆషాఢంలోనూ, మూఢంలోనూ ఇల్లు నడిపేవి ఇవే.

లెక్క, రిజిస్టరు, హక్కు

దీన్ దయాల్ నెగటివులకు నంబర్లుండేవి. ఏ గాజు పలక ఎక్కడుందో సంస్థకు తెలుసు. అందుకే ఎప్పుడో తీసిన చిత్రానికి మళ్లీ గిరాకీ వస్తే మళ్లీ ప్రింటు తీసి అమ్మగలిగారు. 1905లో ఆయన పోయాక ఎనభై ఏళ్లు దాటినా 2,857 గాజు నెగటివులు మిగిలి ఉన్నాయి. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం వాటిని కొన్నది. కళ మిగలడానికి గుమాస్తా పని ఎంత అవసరమో ఈ ఒక్క సంగతి చెబుతుంది. మన పిల్లలు రెండేళ్ల కిందటి పెళ్లి ఫోటోలు హార్డ్ డిస్కు పోయిందని పోగొట్టుకుంటున్నారు. ప్రతి పనికీ తేదీ, ఊరు, ఇంటిపేరు రాసిన ఫోల్డరు, రెండు వేర్వేరు చోట్ల రెండు కాపీలు, ఒక నోటుపుస్తకంలో లెక్క ఉంటే చాలు.

ధర చెప్పడంలో కూడా ఈ లెక్కే ముఖ్యం. పెళ్లి దగ్గర గడిపిన రోజులు అందరికీ కనిపిస్తాయి. ఎడిటింగుకు కంప్యూటరు ముందు గడిపే రోజులు, ఆల్బం ప్రింటింగుకు ల్యాబుకు కట్టే డబ్బు, సహాయకుడి కూలి, ప్రయాణం, కెమెరా ఏటేటా కోల్పోయే విలువ, పనిలేని నెలల ఖర్చు గిరాకీకి కనిపించవు. ఇవన్నీ కాగితం మీద రాసుకోకుండా పక్కవాడి కంటే తక్కువ చెప్పి ఆర్డరు పట్టినవాడు సొంత కెమెరానే కొద్దికొద్దిగా అమ్ముకుంటున్నాడు. బయానా ఎంత, పెళ్లి రోజు ఎంత, ఆల్బం ఇచ్చేటప్పుడు ఎంత అన్నది ముందే రాతలో ఉండాలి. చుట్టరికం ఉన్నచోట రాత ఇంకా అవసరం.

హక్కుల విషయంలో ఇద్దరి దారులూ చట్టం ముందు కూడా వేరవుతాయి. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం, ఎవరైనా డబ్బిచ్చి ఫోటో తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనంతవరకు ఆ ఫోటోకు మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. పెళ్లి ఫోటోలు పెళ్లివాళ్లవి. వాటిని తన పేజీలో పెట్టుకోవాలంటే ఫోటోగ్రాఫర్ ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. పత్రిక ఉద్యోగి ఉద్యోగంలో భాగంగా తీసిన ఫోటోకు ప్రచురణ హక్కు పత్రికది, మిగతా హక్కు తీసినవాడిది. ఎవరూ అడగకుండా, ఎవరి డబ్బూ లేకుండా తన ఇష్టంతో తీసిన ఫోటో మాత్రం పూర్తిగా తీసినవాడిదే. దర్బారు దారిలో రాబడి ఉంది, హక్కు ఇతరులది. భరత్ భూషణ్ దారిలో రాబడి ఆలస్యం, హక్కు తనది. రెండు దారులూ ఎందుకు కావాలో ఈ సెక్షను చదివితేనే అర్థమవుతుంది. ఆర్డర్లు మాత్రమే చేసినవాడికి ఇరవై ఏళ్ల తర్వాత చూపించుకోవడానికి తనదంటూ ఒక బొమ్మ ఉండదు.

ఎవరి లోటు ఏమిటి

దీన్ దయాల్ దారిలోని లోటు పోషకుడి నీడ. ఆయన తీసిన అంతులేని చిత్రాల్లో మధ్య భారతం, హైదరాబాదు పాలకులు, కట్టడాలు, వేటలు, విందులు నిండి ఉన్నాయి. ఆ కాలపు పల్లె తన కోసం తాను కనిపించేది తక్కువ. అడిగేవాళ్లు లేరు కాబట్టి తీసే వీలు లేకపోయింది. భరత్ భూషణ్ దారిలోని లోటు ఇల్లు గడవడం. ఆ చిత్రాలకు గుర్తింపు వచ్చేసరికి సగం జీవితం అయిపోతుంది. ఉద్యోగమో, మరో పనో ఆసరాగా లేకుండా ఎవరైనా అలా బతకగలరని చెప్పడం పిల్లలను మోసం చేయడమే. కెమెరా కిస్తీ నెలనెలా కట్టాలి, గుర్తింపు ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు.

ఇద్దరిలోనూ ఉన్న ఒకే గుణం నన్ను ఆకట్టుకుంటుంది. ఇద్దరూ చేతికొచ్చిన మొదటి పనిలో స్థిరపడిపోలేదు. దీన్ దయాల్ నక్షాలు గీసే ఉద్యోగంలో ఆగిపోలేదు. భరత్ భూషణ్ రోజువారీ వార్తా ఫోటోతో సరిపెట్టుకోలేదు. చేస్తున్న పని జీతం ఇస్తుంటే, ఆ జీతంతో చేయాలనుకున్న పనికి చోటు చేసుకున్నారు.

కొడంగల్‌కు ఏది సరిపోతుంది

నా తీర్పు ఇది. పని సంపాదించే పద్ధతికి దీన్ దయాల్‌ను అనుసరించాలి. ప్రతి బొమ్మ మీదా తన పేరు ఉండేలా చూసుకోవడం, రోజు రేటు మీద వెళ్లినా క్రెడిట్ అడగడం, ఒక గిరాకీ నుంచి మరో గిరాకీకి పరిచయం కోరడం, ఎవరూ తీర్చని అవసరాన్ని వెతకడం, నెగటివులనూ లెక్కలనూ భద్రంగా ఉంచడం - ఇవన్నీ ఆయన దగ్గర నేర్చుకోవాల్సినవి. పని దేని కోసం అన్న ప్రశ్నకు మాత్రం భరత్ భూషణ్ దగ్గరికి పోవాలి. ఏ ఫోటోగ్రాఫరైనా ఒక విషయాన్ని తనదిగా చేసుకుని ఏళ్ల తరబడి దానితో ఉంటేనే, ఊరు అతన్ని కెమెరా ఉన్న పదిమందిలో ఒకడిగా కాక, తన మనిషిగా గుర్తిస్తుంది.

రెంటిలో ఒకటే ఎంచుకోమంటే, ఈ ప్రాంతానికి భరత్ భూషణ్ దారే ఎక్కువ అవసరమని అంటాను. దీన్ దయాల్ పద్ధతులను బాగా నడిచే ఏ స్టూడియో అయినా నేర్పగలదు. కొడంగల్‌ను కొడంగల్‌వాడు తీసిన చిత్రాలు మాత్రం ఇంకా పుట్టాల్సే ఉంది. నాపరాయి గనుల్లో దుమ్ము మధ్య పనిచేసే మనుషులు, శ్రావణంలో తండాల్లో జరిగే తీజ్, హిందువులూ ముస్లింలూ కలిసి చేసే పీర్ల పండుగ, సరిహద్దు ఊళ్లలో తెలుగూ కన్నడా కలిసిన సంతలు, కంది చేలు, పనికోసం ముంబై, పుణెలకు వలసపోయి పండక్కి తిరిగొచ్చే పాలమూరు కుటుంబాలు, అనంతగిరి కొండల్లో పుట్టే మూసీ - వీటిలో ఒక్కటి చాలు. సీజన్‌లో వచ్చే రాబడిలో కొంత పక్కకు పెట్టి, సీజన్ లేని నెలలు దానికే ఇచ్చినవాడికి ఐదేళ్లలో ఒక పెద్ద ప్రదర్శనకు సరిపడా చిత్రాలు పోగవుతాయి. వాటిని చూసి పిలిచేవాళ్లు కొడంగల్ నుంచే కాక హైదరాబాదు నుంచీ వస్తారు.

ఫోటోగ్రాఫర్‌ను పిలిచే ఇళ్లవాళ్లకు కూడా ఒక మాట. ఆర్డరు ఇచ్చేముందు ఫోటోలు తీసేది ఎవరో అడగండి, ఆ మనిషి పేరు ఆల్బం మీద ఉండాలని చెప్పండి. మిగిలిన పైసలు ఆల్బం చేతికి వచ్చిన రోజే ఇచ్చేయండి. మీ ఇంట్లో తీసిన బొమ్మలు నచ్చితే తీసినవాళ్ల నంబరు నలుగురికి ఇవ్వండి. కొడంగల్ పిల్లలు కొడంగల్‌లోనే కెమెరాతో బతకగలగాలంటే మొదటి పోషకులు మీరే కావాలి.